అటూ ఇటూ మూడు

మా ఆయనకి నోటిదురుసు లేదు. ఆ లోటు నేను తీర్చేదాన్ని. మా గ్రూపులో ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే నన్ను పంపేవాళ్ళు, బతిమాలాల్సి వస్తే ఆయన్ని పంపేవాళ్ళు. ఆఫీసులో ఇద్దరిదీ ఒకే నడవా, ఎదురెదురు గదులు. ఆఫీసు తగువు ఇంటికీ, ఇంటి తగువు ఆఫీసుకీ మోసుకెళ్ళడానికి మధ్యలో ఒక బస్సు తప్ప ఇంకే అడ్డూ ఉండేది కాదు.

మా పనేమిటో ముందు చెప్పేస్తాను, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. భూమి లోపల పెద్ద గుండ్రటి సొరంగం ఒకటి ఉంది. అందులో సీసం కేంద్రకాలని అటునుంచి కొన్నీ ఇటునుంచి కొన్నీ దాదాపు వెలుతురంత వేగంతో తీసుకొచ్చి ఢీకొట్టిస్తారు. ఆ తాకిడికి ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగిపోతాయి. వాటి లోపలుండే క్వార్కులూ గ్లూఆన్లూ కలిసిపోయి, సూర్యుడి నడిమధ్య కంటే లక్ష రెట్లకి పైగా వేడితో, ద్రవంలా పారతాయి. ఎంతసేపు అని అడక్కండి, రెప్పపాటు అన్నా అది చాలా పెద్ద మాట. చల్లారగానే వేలకొద్దీ కొత్త కణాలు పుట్టి చెల్లాచెదురైపోతాయి. మా చేతికి దొరికేవి అవే. ఆ ద్రవాన్ని చూసినవాడు ఎవడూ లేడు.

మరి ఉందని ఎలా చెబుతారంటే, ఒక్కోసారి ఆ ముద్ద మధ్యలోంచే ఒక కణం మహా జోరుగా బయల్దేరుతుంది. నిండు బిందె ఎత్తుకుని సంతలోంచి బయటపడ్డవాడి దగ్గర నీళ్ళెన్ని మిగిలాయో చూస్తే లోపల జనం ఎంత ఉన్నారో తెలిసిపోదూ? అలాగే ఆ కణం శక్తి ఎంత తగ్గిందో చూసి లోపల ద్రవం ఉందో లేదో చెబుతాం. సీసంలో బాగా తగ్గుతుంది, అక్కడ తగాదా లేదు. తగాదా అంతా చిన్న కేంద్రకాల దగ్గర. గుప్పెడు ప్రోటాన్లున్నవి రెండు ఢీకొంటే ఆ కాస్త చోటులో కూడా ద్రవం పుడుతుందా, పుట్టదా? తలలో నల్ల వెంట్రుకలు ఉన్నప్పటినుంచీ మా ఆయన పుడుతుందనే అంటున్నాడు. చూపించి మాట్లాడమని నేను అంటూ వచ్చాను.

ఇలాంటి పనిలో ఒక ప్రమాదం ఉంది. ఉందనుకుని వెతికేవాడికి లేనిది కూడా కనపడుతుంది. జవాబు ముందే కళ్ళబడితే, మనకి నచ్చినట్టు వచ్చేదాకా లెక్కలో అక్కడా ఇక్కడా సర్దుతూనే ఉంటాం, నచ్చగానే ఆపేస్తాం. దొంగబుద్ధితో కాదు, మనిషి బుద్ధే అంత. అందుకని మావాళ్ళు జవాబుకి మూత పెడతారు. అసలు అంకెకి కంప్యూటరు తనకి మాత్రమే తెలిసిన ఇంకో అంకె కలిపి చూపిస్తుంది. కలిపిందేమిటో తెలియకుండానే పరీక్షలన్నీ పూర్తి చేయాలి. అందరూ సరేనన్నాక మూత తీస్తారు. తీశాక ఏమొచ్చినా నోరు మూసుకుని అచ్చు వేయాలి.

మూత కింద దాగేది ఆ అంకె ఒక్కటే. అందులో ఎంత తేడా ఉండొచ్చో, దాన్ని మేం ఎర్రర్ అంటాం, అది మాత్రం బయటికే కనపడుతూ ఉంటుంది. మా ఎర్రర్ మూడు. అంటే నూటికి ఇంత తగ్గింది, అటూ ఇటూ మూడు. ఐదున్నదాన్ని మూడుకి దించడానికి మా ఇద్దరికీ ఏళ్ళు పట్టింది, బోలెడు తిట్లు పట్టాయి. అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే కొట్టుకునేవాళ్ళం.

మూతకి తాళంగా రెండు ముక్కల రహస్యపు మాట పెట్టారు. ఒక ముక్క ఆయన తలలో, ఇంకో ముక్క నా తలలో. ఎక్కడా రాయకూడదు, ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టకూడదు, ఒకరి ముక్క ఒకరికి చెప్పకూడదు, మూడో మనిషి దగ్గర నకలు ఉండకూడదు. ఈ నియమాలన్నీ మా ఆయన పెట్టినవే.

"మొగుడూ పెళ్ళాల చేతికే రెండు ముక్కలూ ఇస్తారా? వంటింట్లో కూర్చుని తెరిచేసుకుంటారు," అని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. ప్రతిదానికీ చెబుతాడు, అందుకే ఆయన్ని అందరూ అడ్డుపుల్ల అంటారు.

"వాళ్ళిద్దరూ ఇప్పటిదాకా కర్టెన్ల రంగు మీద కూడా ఒక మాట మీదకి రాలేదు. వాళ్ళకంటే భద్రమైన చోటు లేదు," అని మిగతావాళ్ళు తేల్చేశారు.

మొదటి మీటింగులోనే మా ఆయన ఉత్సాహం పట్టలేక, వ్యాసానికి ఏం పేరు పెట్టాలో బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. డేటా ఇంకా సగం కూడా రాలేదు. నాకు ఒళ్ళు మండి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస," అన్నాను. గదంతా గొల్లుమంది. ఆరోజునుంచి మూత కింద ఉన్న అంకె పేరు సోమలింగం అయి కూర్చుంది. సోమలింగం ఎలా ఉన్నాడని నడవాలో ఎవరైనా అడిగితే, మూత కింద గుర్రుపెడుతున్నాడని మా ఆయన చెప్పేవాడు.

మాకు పిల్లల్లేరు. కావాలనుకున్నాం, తిరగాల్సిన చోట్లన్నీ తిరిగాం, కలగలేదు. ఆ తరవాత ఆ మాట ఎత్తుకోవడం మానేశాం. ఆయన నవ్వుతూ "మన సోమలింగం" అన్నప్పుడల్లా నాకు ఎక్కడో కలుక్కుమనేది. పేరు పెట్టింది నేనే కాబట్టి తిట్టడానికి ఎవరూ దొరికేవాళ్ళు కాదు.

ఒకరోజు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. "ఆ బరువుది... అదేనయ్యా, ఆ లోహం..." అంటూ వేళ్ళు ఆడించాడు. జీవితమంతా సీసంతో గడిపినవాడు సీసం అనే మాట కోసం తడుముకుంటుంటే హాస్యమాడుతున్నాడనుకుని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. బోర్డు వైపు తిరిగి సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఊపిరితిత్తుల్లో మొదలై తలకి పాకిందన్నారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట దాచే రకం కాదు. "నెలలు అనుకోకండి. వారాలనుకోండి. మాటలు ముందు పోతాయి," అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

మా అత్తగారు కూతురింటినుంచి ఆసుపత్రికి వచ్చేశారు. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒక పట్టాన లేచేవారు కాదు. మేమిద్దరం మాట్లాడుకునేది వింటూ ఉండి ఒకరోజు పేలిపోయారు.

"ఇన్నాళ్ళనుంచీ వింటున్నాను, ఎవడే ఆ సోమలింగం? మనిషి ఇలా పడుంటే ఒక్కసారి వచ్చి మొహం చూపించి పోలేడా? ఇన్నేళ్ళు వీడిచేత చాకిరీ చేయించుకున్నాడుగా!"

మా ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "వస్తాడులే అమ్మా. ముందు మూత తీయాలి."

"మూతేమిట్రా? పెట్టెలో పెట్టారా వాణ్ణి?"

ఆవిడ అటు వెళ్ళగానే నేను అందుకున్నాను. "తీసేద్దాం. నీ ముక్క నువ్వు చెప్పు, నా ముక్క నేను కొడతాను. ఇక్కడే, ఈ మంచం మీదే. ఎవరికీ చెప్పను."

"పరీక్షలు అవలేదుగా. అడ్డుపుల్లది ఇంకొకటి మిగిలింది."

"అడ్డుపుల్లనీ, వాడి పరీక్షనీ కలిపి పొయ్యిలో పెట్టు. నువ్వు చూడాలి. ఇంతకాలం చేసింది నువ్వు చూడకుండా..."

"చూస్తే నీకే నష్టమే," అన్నాడు. "మొగుడి కోసం మూత తీసింది అంటారు. ఆ తరవాత నువ్వు ఏ లెక్క చూపించినా ఎవడూ నమ్మడు. నేను పోయాక కూడా నువ్వు ఇక్కడ పని చేసుకోవాలి."

ఎంత మొండివాడో చూడండి. చావు తలమీద కూర్చున్నా నా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడు. నాకు ప్రేమా వచ్చింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

ఆ కోపం తీసుకెళ్ళి అడ్డుపుల్ల మీద కక్కాను. ఆయన గదిలో తెరల మీద గీతలు పరిగెడుతున్నాయి, బల్ల మీద తాగని టీ కప్పులు. "అన్నగారూ, మీ పరీక్ష మా ఆయన పదకొండో రోజు తరవాత అవుతుందా?" అన్నాను. అనకూడని మాటే. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తొందరపడితే తప్పు చేస్తాను చెల్లెమ్మా. తప్పు చేస్తే వాడు ఊరుకోడు. ఆ మంచం మీదనుంచే పట్టుకుంటాడు," అన్నాడు. ఇంకేం తిట్టను? తలుపు మాత్రం గట్టిగా వేసి వచ్చాను.

మాటలు ఒక్కొక్కటీ పోతూ వచ్చాయి. గ్లాసు "నీళ్ళది" అయింది. కళ్ళజోడు "కళ్ళవి" అయింది. వాళ్ళమ్మని చూసి "మా పెద్దది" అన్నాడు ఒకసారి, ఆవిడ కుర్చీలోంచి కదలకుండా కొంగు నోట్లో కుక్కుకున్నారు. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. నర్సు జ్వరం చూస్తే అది నిన్నటికంటే ఎంత పెరిగిందో ఆమెకంటే ముందు చెప్పేవాడు.

ఒక ఉదయం మొహం తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"చూపించవే," అన్నాడు.

"ఏంటి?"

"వాణ్ణి. సోమలింగాన్ని. మూత తీయి. చూస్తాను."

నేను నిర్ఘాంతపోయాను. అడిగినన్నాళ్ళూ కాదన్నవాడు, నియమాలన్నీ రాసినవాడు, చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆయన కాళ్ళ దగ్గర దుప్పటి మీద పెట్టాను. నా ముక్క కొట్టాను. రెండుసార్లు తప్పు పడింది.

"ఇప్పుడు నీది చెప్పు."

నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"నిదానంగా చెప్పు. తొందరేం లేదు."

ఒక మాట చెప్పాడు. కొట్టాను. తెర ఒప్పుకోలేదు. ఇంకో మాట చెప్పాడు, అదీ కాదు. "పోనీ మొదటి అక్షరం చెప్పు," అన్నాను. "తెలుసే, ఇక్కడే ఉంది," అని నుదురు తడుముకున్నాడు, జేబులో తాళంచెవి వెతుక్కున్నట్టు. కిటికీ అన్నాడు, నీళ్ళది అన్నాడు, నా పేరు అన్నాడు. అన్నీ కొట్టాను. కాసేపటికి, తప్పులు ఎక్కువయ్యాయని తెర ఒక గంటకి మూసుకుపోయింది.

ఆయన ఏడుపు నాకు కొత్త కాదు. సినిమాలో కుక్కకి దెబ్బ తగిలినా ఏడుస్తాడు. కానీ అప్పుడు ముక్కు చీదుకుంటూ, నన్ను చూసి సిగ్గుపడుతూ ఏడ్చేవాడు. ఆరోజు చప్పుడు లేదు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు. "గుర్తు రావడం లేదే," అన్నాడు. "నేనే పెట్టాను కదే."

డేటా ఎక్కడికీ పోదు. ముక్క పోతే మొత్తం మొదటినుంచీ మళ్ళీ నడిపించవచ్చు. కానీ దానికి కంప్యూటర్లకే నెలలు పడుతుంది. మాకు నెలలు లేవు.

ఇంటికి వెళ్ళి బట్టలైనా మార్చుకోకుండా కూర్చుని, తెర మూసుకుపోయినప్పుడల్లా కాచుకుని, నాకు తోచిన ప్రతి మాటా కొట్టి చూశాను. మేం మొదట కాపురమున్న వీధి, ఆయన సైకిలు రంగు, ఆయన్ని భయపెట్టిన లెక్కల మాస్టారి మారుపేరు. నన్ను ముద్దుగా పిలిచే పేరు ఒకటుంది, అదీ కొట్టాను. కాదు. ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టకూడదని తనే రాశాడు, తను రాసింది తను తప్పని మనిషి అని తెలుసు. అయినా ఒళ్ళు మండింది. ఒక్కసారైనా తప్పకూడదా నా కోసం? వంటింటి గట్టు మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. పక్కింటివాళ్ళు విన్నా సరే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారిని టీకి పంపించి తలుపు దగ్గరికి వేశాను. మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"తెరుచుకుంది," అన్నాను.

కళ్ళు తెరిచాడు. "ఎలా?"

"నీ ముక్క దొరికింది. నువ్వెలాంటి మాటలు పెడతావో నాకు తెలీదా?"

"ఏమొచ్చింది?"

"ఉంది. తగ్గింది. నూటికి ఎనిమిది."

ఆయన మొహంలోకి రంగు వచ్చింది. నా భ్రమ కాదు, నిజంగానే వచ్చింది. "ఎర్రర్ ఎంత?" అన్నాడు.

ఇంకెవరి మొగుడైనా నిజమా అని అడుగుతాడు. ఈయన ఎర్రర్ అడిగాడు. నిద్రలో లేపి అడిగినా మూడనే చెప్పేదాన్ని. కానీ నోట్లోంచి "ఒకటి" అని వచ్చింది. "ఎనిమిది, అటూ ఇటూ ఒకటి." ఎలాగూ అబద్ధమే ఇస్తున్నాను, ఇచ్చేదేదో మంచిది ఇద్దాం, లోకంలో ఎవడూ కాదనలేనంత గట్టిది ఇద్దాం అనిపించింది.

ఆయన పైకప్పు కేసి చూశాడు. పెదాలు కదిలాయి. గ్లాసుని గ్లాసు అనలేని మనిషి లెక్క వేస్తున్నాడు.

"ఒకటి కాదే," అన్నాడు మెల్లగా. "మూడు. ఒకటి రావాలంటే డేటా తొమ్మిది రెట్లుండాలి. మన దగ్గర లేదు."

నేను దుప్పటి అంచు సర్దాను.

"తెరుచుకోలేదు కదూ?"

"లేదు," అన్నాను. ఇక ఆగలేదు. "ఎంత వెతికినా దొరకలేదు. నిన్న నువ్వలా అడుగుతుంటే చూడలేక చెప్పాను. నన్ను తిట్టు. ఒక్కసారైనా తిట్టరాదా!"

తిట్టలేదు. నా చేతిని తన గుండెల మీదికి లాక్కున్నాడు. లాగే బలం లేదు, నేనే జరిపాను. కిటికీలోంచి బయటికి చూశాడు. కింద ఎవరో కారు వెనక్కి తీసుకుంటున్నారు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"మొదటినుంచీ చెప్పు. ఈసారి ఎర్రర్ సరిగ్గా చెప్పు. నమ్ముతాను."

మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. "తెరుచుకుంది. ఉంది. నూటికి ఎనిమిది. అటూ ఇటూ మూడు."

"ఆఁ, అలా చెప్పు." కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఎనిమిదికి మూడంటే అంత బలం చాలదు. పేపర్లో ఉంది అని రాయకు. ఉన్నట్టుంది అని రాయి."

"అలాగే రాస్తాను."

"అడ్డుపుల్ల ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"అమ్మయ్య," అన్నాడు.

అత్తగారు టీ కప్పు పట్టుకుని లోపలికి వచ్చారు. కొడుకు మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "వచ్చాడమ్మా వాడు," అన్నాడు మా ఆయన.

"సోమలింగమా? నేను అటు పోగానే వచ్చాడా?" ఆవిడ నా మీద విరుచుకుపడ్డారు. "కాస్త కూర్చోమనకపోయావా? నేనూ చూసేదాన్నిగా!"

"పనుందన్నాడు అత్తయ్యా," అన్నాను.

ఆయన ఆ వారం దాటలేదు. చివరి రెండు రోజులూ ఎవరినీ ఏమీ అడగలేదు.

నెలలు గడిచాయి. అడ్డుపుల్ల పట్టుబట్టి, తన పరీక్ష పూర్తి చేసి, మొత్తం డేటాని కొత్త మూతతో, కొత్త తాళాలతో మొదటినుంచీ నడిపించాడు. నిన్న ఫోన్ చేశాడు. అంతా అయిపోయిందట, అందరూ సరే అన్నారట, సోమవారం మూత తీస్తారట.

"నువ్వు ముందు వరసలో కూర్చోవాలి చెల్లెమ్మా," అన్నాడు.

"నేను రాను."

"అదేంటమ్మా? వాడి కోసమైనా రావాలి కదా."

"ఆయన కోసమే రానంటున్నాను. అక్కడ సున్నా వచ్చిందనుకోండి, నేను ఇంట్లో ఆయన ఫోటో ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"